నీలం సీసాలో తేలిన నూనె

"ఆ డ్రైవరు పొద్దున్నే ఏదైనా పుచ్చుకుని బండెక్కాడేమో అబ్బాయ్. మలుపు దగ్గర బస్సు ఎలా ఒరిగిందో చూశావా? నా చిన్నది కిటికీ పక్కనే కూర్చుంటుంది," అంది వదిన, వీధి చివర కనుమరుగవుతున్న బడి బస్సు వైపు చూస్తూ.

మలుపు దగ్గర గుంట ఉంది. ఏ బస్సయినా అక్కడ ఒరగాల్సిందే. ఆ మాట మరిది ఇదివరకే చాలాసార్లు చెప్పి చూశాడు గనక ఇవాళ చెప్పలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, "సాయంత్రం క్షేమంగా దిగుతుంది వదినా. రోజూ దిగుతూనే ఉందిగా," అన్నాడు.

"దిగినన్నాళ్ళూ దిగుతుంది," అంది వదిన. ఆ ఓదార్పు ఆవిడకు ఎక్కడా అంటలేదు.

ఆ మేడమీది ముందుగది మరిది ఆఫీసు. తలుపు మీద ప్రైవేటు డిటెక్టివ్ అన్న బోర్డు ఉందిగాని లోపల గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తలుపు సరిగా పడని బీరువా. కింది వాటాలో అన్నావదినలు, వాళ్ళ చిన్నది ఉంటారు. మొదట్లో వదిన టీ ఇవ్వడానికి పైకొచ్చి, వచ్చినవాళ్ళ కష్టాలు గుమ్మంలో నిలబడి వినేది. తర్వాత్తర్వాత కూర్చుని వినడం మొదలెట్టింది. కిందటేడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మరిదికి వాసనలు తెలియడం మానేశాయి. అప్పట్నుంచి అతనికి ముక్కు ఆవిడే. తను చదివింది తక్కువని ఆవిడ జంకితే, "జరగకూడనివన్నీ మీరు ముందే ఊహించి పెడతారు వదినా. అందులోంచి జరిగినదాన్ని ఏరుకోవడమే నా పని," అనేవాడు. అది వేళాకోళమో మెచ్చుకోలో ఆవిడకు ఎప్పుడూ తేలేది కాదు. కానీ చొక్కా మీది మరకను పట్టుకుని అతను మనిషి బతుకంతా విప్పి చెబుతుంటే మాత్రం ఆవిడకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఒక్క కడుపున పుట్టి అన్నకు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తెలియదు, తమ్ముడికి ఇన్ని ఎలా తెలుస్తాయి అనుకునేది.

మెట్ల మీద అడుగుల చప్పుడు పైదాకా వచ్చి ఆగింది. కిందికి దిగింది. మళ్ళీ పైకొచ్చింది.

"తలుపు తీసే ఉందమ్మా," అన్నాడు మరిది.

వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. మాటిమాటికీ కడుక్కునే చేతులేమో, వేళ్ళ కొసలు నలిగి పాలిపోయి ఉన్నాయి. ఆమె వెంట చల్లటి పుదీనా వాసన గదిలోకి వచ్చింది. చేతిరుమాల్లో చుట్టిన చిన్న నీలం సీసా ఒకటి బల్ల మీద పెట్టిందిగాని దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆమె కెమిస్టు. ఇంటి వెనక గదిలో నోటి స్ప్రే తయారు చేస్తుంది. నోరు దుర్వాసన రాకుండా కొట్టుకునే మందు, అందులో ఆల్కహాల్ చుక్క ఉండదు. అలాంటిది చెయ్యాలన్న పట్టుదల తండ్రి వల్ల వచ్చింది. ఆయన బడి బస్సు డ్రైవరు. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. కూతురు బడికి వెళ్ళే రోజుల్లోనే ఒట్టు పెట్టుకుని మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. ఈమధ్య రక్తపోటుకు వేసుకునే మాత్రల వల్ల నోరు ఎండిపోయి వాసన రావడం మొదలైంది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని దింపేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. అది చూసి ఆమెకు ప్రాణం ఉసూరుమంది. దుకాణాల్లో చూసిన స్ప్రేలన్నిటిలోనూ ఆల్కహాల్ ఉంది. మానేసిన నాలుకకు ఆ ఒక్క చుక్కయినా ఎందుకు తగలాలి అనుకుంది.

"నీళ్ళకీ పుదీనా నూనెకీ పడదు సార్," అంది. ఆ మాటతో ఆమె ముఖంలో భయం కాసేపు పక్కకు తప్పుకుంది. "ఎంత కలిపినా నూనె పైకి తేలిపోతుంది. ఆల్కహాల్ ఉంటే రెండిటినీ కలిపేస్తుంది, అందుకే అందరూ అదే వాడతారు. అది వద్దన్నాను గనక వేరే మధ్యవర్తి కావాలి. ఒక చేత్తో నీటినీ, ఒక చేత్తో నూనెనూ పట్టుకునే పదార్థం. ఏది వేసినా నురగొచ్చేది, లేదా చేదొచ్చేది, లేదా చల్లటి పూట తెల్లగా మబ్బు పట్టేది. ఒకరోజు కలిపి వెలుతురులో పెట్టి చూస్తే నీళ్ళలా తేటగా నిలబడింది. నేనే నమ్మలేకపోయాను. నూనె లోపలే ఉంది, కంటికి లేదు."

వదిన వింటూ నోరు కొంచెం తెరిచింది. వంటింట్లో రోజూ చేతికి అంటుకునే నూనె, నీళ్ళలో కనబడకుండా దాక్కోవడమంటే ఆవిడకు మంత్రంలా తోచింది.

"తీపికి చక్కెర వెయ్యను, జైలిటాల్ వేస్తాను. పళ్ళకు మంచిది, పులవదు. ఆల్కహాల్ లేదు గనక చెడిపోకుండా నిలవమందు కొంచెం పడుతుంది. అంతే సార్." ఆమె గొంతు తగ్గింది. "ఈ నీలం సీసా నాన్నది. మొట్టమొదట నేను చేసింది ఇందులోనే పోసిచ్చాను. మిగతావన్నీ అమ్మకానికి తెల్ల సీసాల్లో సీలు వేసి వెళతాయి. ఇది మాత్రం ఇంట్లోనే మళ్ళీ మళ్ళీ నింపుతాం."

సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటిరోజు, బస్సుల షెడ్డు దగ్గర హఠాత్తుగా డ్రైవర్లందరి చేతా, తాగారో లేదో పట్టిచ్చే ఊపిరి మిషను ఊదించారు. తండ్రి ఊదగానే అది కూసింది. మేనేజరు తాళాలు లాక్కున్నాడు. కూతురు పరుగెత్తుకెళ్ళి ఆయన జేబులోని సీసా తెచ్చి పరీక్ష చేసింది. అందులో ఆల్కహాల్ ఉంది. అదే వారం తయారైన మిగతా సీసాలన్నీ చూసింది, ఒక్కదాంట్లోనూ లేదు. అంటే తప్పు తయారీలో లేదు. ఎవరో ఆ ఒక్క సీసాలోనే పోశారు.

"నాన్నని అడిగాను సార్. మళ్ళీ తాగావా నాన్నా అని." ఆమె నీలం సీసా మీంచి చెయ్యి తీసింది. "నా వైపు చూశాడు. అంతే. అప్పట్నుంచి నాతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వారం చివర బడి కమిటీ కూర్చుంటుంది. ఆయన్ను తీసేస్తారు."

వదిన మనసు రాయి చేసుకుంది. ఆవిడకు కళ్ళముందు ఆ డ్రైవరు కాదు, కిటికీ పక్కన కూర్చున్న తన చిన్నది కనబడింది. "నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే కదమ్మా," అంది.

"నేనూ అలాగే అనుకున్నాను పిన్నిగారూ. అలా అనుకుని బతకలేకే వచ్చాను. ఉద్యోగం పోతే పోయింది. మా నాన్న ఎవరో నాకు తెలియాలి."

మరిది సీసా మూత తిప్పాడు. 'ఉస్' మని చిన్న చప్పుడైంది, ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. సీసాలోది ఒక గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర పెట్టాడు. అమ్మాయి సంచిలోంచి తెల్ల సీసా ఒకటి అడిగి తీసుకుని ఇంకో గ్లాసులో పోశాడు. రెండో గ్లాసు తేటగా ఉంది. మొదటిది లేత పసుపు, అడుగున మసక. కాసేపటికి దాని పైన సన్నటి నూనె వలయం వచ్చి చేరింది.

"మీ ముక్కు ఇవ్వండి వదినా."

వదిన వంగి వాసన చూసింది. పుదీనా ఉంది. దాని వెనక కాస్త పుల్లగా, మాగి మాగి చితికిన పండు వాసన. సారా వాసన ఆవిడకు తెలుసు, తమ పుట్టింటి వీధిలో కొట్టు ఉండేది. ఇది అదీ కాదు, పూర్తిగా వేరూ కాదు. అలాగే చెప్పింది.

"నీ స్ప్రేలో ఎవరైనా సారా పోస్తే ఇలా విడిపోతుందా అమ్మా?" అని అడిగాడు మరిది.

"విడిపోదు సార్. మధ్యవర్తి ఉన్నాడు కదా. ఆల్కహాల్ కలిస్తే ఇంకా తేటగానే ఉంటుంది," అని ఆ పిల్ల నూనె వలయం వైపు చూసి తెల్లబోయింది. "అంటే నా తయారీలోనే లోపముందా?"

మరిది ఆ పసుపు ద్రవం కొంచెం పాత చెంచాలో పోసి, టీ కాచుకునే పొయ్యి మీద పట్టుకున్నాడు. తెల్ల సీసాలోది ఇంకో చెంచాలో. తెల్లది ఆవిరై పోయి రంగులేని జిగురు మిగిలింది. పసుపుది బుడబుడమని ఉడికి, ఎర్రబడి, తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. వదిన గబుక్కున, "పాకం వాసనొస్తోంది అబ్బాయ్, మాడుతోంది, దింపు," అంది.

అతను దింపాడు. మొహంలో చిన్న వెలుగు వచ్చింది. ఆ వెలుగు వస్తే ఇక అడిగినా ఏమీ చెప్పడని వదినకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే డ్రైవరు ఇంటికి వెళ్ళారు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొడవాటి మనిషి, గడ్డం గీసుకోలేదు. యూనిఫారం బూట్లు మాత్రం తళతళలాడేలా పాలిష్ పెట్టి పక్కన పెట్టుకున్నాడు. ఎక్కడికీ వెళ్ళేది లేని మనిషి బూట్లు అలా మెరుస్తుంటే వదినకు చూడబుద్ధి కాలేదు. రాయి చేసుకున్న మనసు అక్కడే కొంచెం చెదిరింది.

వెనక గదిలో కూతురి భాగస్వామి సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు. అమ్మకాలు, చీటీలు, షాపులు తిరగడం అతని పని. అందరూ అతన్ని లేబుల్ బాబు అంటారు. గదిలో గిన్నెలు తుడవడానికి వాడే స్పిరిట్ డబ్బా ఒకటి మూత బిగించి ఉంది. కాస్త ఆల్కహాల్ వేసుకుంటే ఇంత అవస్థ ఉండదు కదా అని అతను మొదట్నుంచీ పోరుతున్నాడని కూతురు ముందే చెప్పింది. మరిది ఆ సంగతి ఎత్తగానే లేబుల్ బాబు చేతిలోని చీటీ చూపించాడు. దాని మీద 'ఆల్కహాల్ లేదు' అని కొట్టొచ్చినట్టు ఉంది.

"పోరాను, కాదనను. ఓడిపోయాను. ఇప్పుడు ఈ మాట నమ్మించడానికి ఊరంతా తిరుగుతున్నాను సార్. ఈ సీసా సంగతి బయటికొస్తే నా కడుపు మీద నేనే కొట్టుకున్నట్టు కాదా?"

వంటింట్లో డ్రైవరు భార్య వాళ్ళను కూర్చోబెట్టి, లేచి, మళ్ళీ కూర్చుంది. ఆవిడను చూస్తే వదినకు అద్దంలో చూసుకున్నట్టయింది. అదే చీటికీ మాటికీ గుమ్మం వైపు చూసే చూపు. ఆయన ఒంటికి ఏమవుతుందోనని, తాగి తాగి పాడైన కాలేయం ఎప్పుడు ఏం చేస్తుందోనని, రోజంతా నోట్లో కొట్టుకునే ఆ మందులు లోపలికి పోయి ఏం కొంప ముంచుతాయోనని ఆవిడ భయాలన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పుకొచ్చింది.

"మా పిల్ల తెలివైందే అక్కయ్యగారూ. కానీ ఆ డబ్బాల మీది పేర్లు పలకడానికే నోరు తిరగదు. అవి మనిషి నోట్లో ఎలా పెట్టుకుంటారు చెప్పండి?"

నిజమేనంది వదిన. ఆవిడ మాట్లాడుతుంటే మరిది మేకుకు తగిలించిన యూనిఫారం చొక్కాను చూస్తున్నాడు. ఆ గోడకు అవతలే పొయ్యి, అందుకని గోడ వెచ్చగా ఉంది. చొక్కా సెలవులన్నాళ్ళూ అక్కడే వేలాడిందట, సీసా జేబులోనే ఉందట. జేబు కింద అరచేయంత మేర బట్ట గంజి పెట్టినట్టు బిరుసెక్కింది. వదిన ముట్టుకుంటే వేలు అంటుకుంది. పొయ్యి పక్క అరలో కడిగి బోర్లించిన చిన్న గరాటు, దాని పక్కన పెద్ద తేనె సీసా, అందులో అడుక్కి వచ్చిన తేనె. తేనె మీద మైనం ముక్కలు తేలుతున్నాయి. పట్టు నుంచి పిండిందే, కాచిన తేనె కాదని, అదయితేనే మంచిదని తెలిసినవాళ్ళ చేత తెప్పించానని ఆవిడ చెప్పింది.

వెళ్ళబోతూ మరిది అరుగు దగ్గర ఆగాడు. డ్రైవరును ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈమధ్య స్ప్రే తీపి మారిందా?"

 ఆయన కళ్ళు ఒక్క క్షణం వంటింటి వైపు వెళ్ళి, తిరిగొచ్చి, బూట్ల మీద వాలిపోయాయి.

బస్సుల షెడ్డులో మేనేజరు నిటారుగా, మడత నలగని మనిషి. చుక్క ముట్టనివాడినని మొదటి మాటలోనే చెప్పాడు. ఒక్కసారి కూస్తే చాలు, మళ్ళీ ఊదించే పద్ధతి లేదన్నాడు. డ్రైవరు కూడా మళ్ళీ ఊదుతానని అడగలేదట. ఊదే ముందు నోటిలో ఏమైనా కొట్టుకున్నాడా అంటే, అవును, పిల్లలెక్కే వేళకు రోజూ కొట్టుకునేదేగా అన్నాడు. పెద్దాయన స్థానంలో పెట్టిన బదులు డ్రైవరే ఆ ఉద్యోగం కోసం ఇదంతా చేశాడేమోనని అనుమానం పెట్టుకుని వెళ్ళిన వదినకు అతణ్ణి చూడగానే ఆ అనుమానం కాస్తా పోయింది. ఆ రూటు పిల్లలు పాడే పాటలకు తన చెవులు తూట్లు పడుతున్నాయని, పెద్దాయన ఎప్పుడు తిరిగొస్తాడా అని చూస్తున్నానని అతను చేతులు జోడించాడు.

ఇంటికొచ్చాక మరిది వదినకు కనబడకుండా వీపు తిప్పి నిలబడి ఒక ఖాళీ సీసాలో ఏదో పోసి, నీళ్ళు కలిపి, మూతికి పిల్లలు ఊదుకునే రబ్బరు బుడగ ఒకటి బిగించాడు. దాన్ని కింది వంటింట్లో, పొయ్యి గోడకు ఆనించి పెట్టాడు. ముట్టుకోవద్దన్నాడు. బుడగ ఎండిన ఆకులా సీసా మీద వాలిపోయి ఉంది.

మర్నాడు వదిన చూసింది. అలాగే ఉంది. ఆ మర్నాడు పొద్దున పాలు పొయ్యి మీద పెడుతూ యథాలాపంగా పక్కకు తిరిగి, చేతిలోని గరిటె వదిలేసింది. బుడగ లేచి నిలబడింది. మెల్లగా ఒళ్ళు నిండుతున్నట్టు ఉబ్బి, తల కొంచెం అటూ ఇటూ ఊపుతోంది. తలుపులన్నీ వేసే ఉన్నాయి. చిన్నది ఇంకా పక్క మీంచి లేవలేదు. వదిన గబగబా గుమ్మం దాటింది. మెట్ల కింద నిలబడి మరిదిని కేకేసింది.

"ఎవరు ఊదారు అబ్బాయ్ దాన్ని?"

అతను దిగొచ్చి, బుడగను చూసి, గుడిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎవరూ ఊదలేదు వదినా. ఈ కేసంతా అదే."

కమిటీ కూర్చోబోయే ముందురోజు అందరినీ డ్రైవరు ఇంటి వెనక గదిలో సమావేశపరిచాడు. కూతురు తన బల్లకు ఆనుకుని నిలబడింది. లేబుల్ బాబు అట్టపెట్టె మీద కూర్చున్నాడు. మేనేజరు ఊపిరి మిషను ఒళ్ళో పెట్టుకుని, ఇక్కడ కూర్చోవడం తన హోదాకు తగదన్నట్టు కూర్చున్నాడు. భార్య తలుపు వారగా. డ్రైవరు గోడ దగ్గర స్టూలు మీద. వదిన సంచిలోంచి బుడగ సీసా తీసి బల్ల మీద పెట్టింది. అది ఇప్పుడు గుండ్రంగా, ధీమాగా ఉంది.

"నీలం సీసాలో ఆల్కహాల్ ఎవరు పోశారని అందరం వెతికాం," అని మొదలుపెట్టాడు మరిది. "డ్రైవరుగారే పోసుకున్నారా? లేబుల్ బాబు స్పిరిట్ కలిపాడా? ఎవరు పోసినా సరే, అది ఈ అమ్మాయి చేసిన స్ప్రేలో కలిసి తేటగా ఉండాలి. కానీ సీసాలో నూనె పైకి తేలింది. అంటే లోపల ఉన్నది ఈ అమ్మాయి స్ప్రే కాదు. అందులో మధ్యవర్తి లేనే లేడు. పుదీనా నూనె అందుబాటులో ఉండి, మధ్యవర్తి సంగతి పట్టించుకోనివారెవరో విడిగా, సొంతంగా కలిపిన నీళ్ళు అవి. లేబుల్ బాబుకు మధ్యవర్తి లేకుండా కలపకూడదని బాగా తెలుసు. తాగాలనుకున్న మనిషయితే సారా పోసుకుంటాడుగాని కూర్చుని పుదీనా నూనె కలుపుకోడు."

డ్రైవరు తలెత్తలేదు. మరిది గొంతు కొంచెం మెత్తబడింది.

"చెంచాలో కాస్తే పాకమైంది. జైలిటాల్ అలా ఎర్రబడదు, చక్కెర ఉన్నది ఎర్రబడుతుంది. జేబు బిరుసెక్కింది. ఒట్టి సారా కారితే ఆరిపోతుంది, బట్టను గట్టిపరచదు. సీసా మూత తీస్తే ఉస్సుమంది. లోపల ఏదో ఊపిరి తీస్తోంది."

"ఏది?" అన్నాడు మేనేజరు, హోదా మరిచిపోయి ముందుకు వంగి.

"తేనె. చిక్కగా ఉన్నంతకాలం అది చెడదు. అందులో కంటికి కనబడని ప్రాణులు ఉంటాయి. చిక్కదనంలో అవి కదల్లేవు, నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. నీళ్ళు కలిపితే లేస్తాయి. తీపిని తిని, గాలినీ ఆల్కహాల్‌నూ విడిచిపెడతాయి. ఈ సీసాలో నేను పోసింది తేనె నీళ్ళే, బుడగలో ఉన్నది వాటి ఊపిరే. ఆ సీసాను ఎప్పుడూ పూర్తిగా కడగలేదు, అయిపోవచ్చినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోశారు. పాలకు తోడు వేసినట్టే. సెలవుల్లో వెచ్చటి గోడకు వేలాడుతూ అది తీరిగ్గా పులిసింది. నీలం రంగు వల్ల లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడలేదు. ఆల్కహాల్ ఎవరూ పొయ్యలేదండీ. అది అందులోనే పుట్టింది."

 వదిన బుడగ వైపు చూసింది. ఇంతమంది మనుషుల మధ్య, ఒకరి ఉద్యోగమూ ఒకరి కాపురమూ తలకిందులు చేసిన ఆ కనబడని ప్రాణులు అక్కడే, వేలెడు నీళ్ళలో, తమ పని తాము చేసుకుంటున్నాయి. వాటికి ఎవరి మీదా కోపం లేదు. ఆవిడకు తెలియకుండానే చేతులు దగ్గరకొచ్చాయి.

మేనేజరు మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. చెప్పడానికి బాగానే ఉందన్నాడు. మరిది నీలం సీసా అందించి, నోటిలో కొట్టుకుని ఊదమన్నాడు. మేనేజరు చుట్టూ చూసి, తప్పదన్నట్టు కొట్టుకుని, మిషనులో ఊదాడు. అది కీచుమని కూసింది. చుక్క ముట్టని మనిషి ముఖం కందగడ్డలా అయింది.

"మేనేజరుగారి తాళాలు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు లేబుల్ బాబు మెల్లగా. కూతురు వద్దన్నట్టు చూసింది.

నీళ్ళు పుక్కిలించి, కాసేపాగి మళ్ళీ ఊదితే మిషను నోరు మెదపలేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పొద్దున కూడా కాసేపు ఆగి ఇంకోసారి ఊదించాల్సిందని ఆయనే అన్నాడు. కమిటీకి తానే వచ్చి చెబుతానన్నాడు. తాళాలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

అప్పుడు తలుపు వారగా నిలబడ్డ ఆవిడ కిందికి కూలబడింది.

"నేనేనమ్మా," అంది కూతురితో. "నిలవమందు, ఇంకేదో మందు, అవన్నీ పొద్దస్తమానం ఆయన లోపలికి పోతున్నాయని నాకు కంటి మీద కునుకు లేదు. నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు. నీ అరలోంచి నూనె కాస్త తీసి, తేనె నీళ్ళు కలిపి పోశాను. తేనె చెడదన్నారు అందరూ. విషం కాదు కదా, తేనే కదా అనుకున్నాను. మిషను కూసిందంటే ఆయనే తాగాడనుకున్నాను. నేను కూడా అనుకున్నాను."

వదిన వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చుంది.  తన చిన్నదానికి డాక్టరు రాసిన మందు మానిపించి తను ఇంట్లో కాచిపోసిన కషాయాలు ఆవిడకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వాటిలో ఏవి నిద్రలేచాయో ఎవరికి తెలుసు.

"ఈయనకు తెలుసు," అన్నాడు మరిది డ్రైవరు వైపు చూసి. "పులవడం సంగతి తెలియకపోవచ్చు. తీపి మారిందని తెలుసు, ఎవరు మార్చారో తెలుసు. సీసాలోనే ఏదో ఉందని చెబితే ఆ మాట ఎవరి మీదికి పోతుందో కూడా తెలుసు. తాగిన రోజుల్లో ఆవిడ పడ్డది చాలని అనుకున్నట్టున్నారు."

డ్రైవరు అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. భార్య ఆయన వైపు చూడలేక కొంగుతో ముఖం కప్పుకుంది. కూతురు వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నలిగిన వేళ్ళతో ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళనీ నూనెనీ కలిపానని ఎగిరిపడ్డాను నాన్నా. నిన్ను మాత్రం ఒక్క మాటతో నాలోంచి విడగొట్టుకున్నాను. ఇంకెప్పుడూ నిన్ను ఆ మాట అడగను."

ఆయన మాట్లాడలేదు. మేనేజరు లేచి, చప్పుడు కాకుండా తలుపు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు. లేబుల్ బాబు చేతిలోని చీటీని మడత పెడుతున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు. బల్ల మీద బుడగ కొంచెం ఊగింది. ఆ మౌనం ఎంతసేపు సాగిందంటే, ఈ మనిషికి గొంతే పోయిందేమో, వారమంతా మూసుకున్న నోరు ఇక తెరుచుకోదేమోనని వదినకు భయం పట్టుకుంది. మరిది వైపు చూసింది. అతను చెయ్యెత్తి, ఆగమన్నాడు.

డ్రైవరు ఎండిన పెదవులు తడుపుకున్నాడు. రెండో చెయ్యి చాపి, కింద కూర్చున్న భార్య తల మీద పెట్టాడు. కూతురి కళ్ళలోకి చూశాడు.

"అడిగావుగా తల్లీ," అన్నాడు. వాడక వాడక గొంతు బొంగురుపోయింది. "తాగలేదమ్మా."